బాలమణి కొలతల దారం

పానగల్,
4 ఏప్రిల్ 2016

ఉమారాణి వదినకు,

నీ మరదలు సుక్కమ్మ దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మీ నాయిన మోకాలు తప్ప అందరం బాగున్నాం. మీ అమ్మ నోరు ఇంకా బాగున్నది.

ఫోన్ చేయక ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను మీ తమ్ముడి జేబులో పడి గొర్రెలెంబడి గుట్టకు పోతుంది, పొద్దుమీకి చచ్చి ఇంటికి వస్తుంది. చార్జింగు పెట్టి మాట్లాడదామంటే అత్తమ్మ పక్కనే కూర్చొని చెవి ఇటు పెడుతుంది. నేను రాసే సంగతి ఆమె చెవిన ఇప్పుడే పడొద్దు.

సంగతి బాలమణిది. నీ మేనకోడలికి ఎనిమిదేళ్లు నిండాయి. పుట్టుకతోనే చెవులు వినబడవని నీకు తెలుసు. నల్లగొండ దవాఖానలో చూపించి, చెవులు వినబడవని సర్కారు ఇచ్చే సదరం కాయితం కూడా తెచ్చుకున్నాం. ఊరి బడిలో సారు మంచివాడే, దాన్ని ముందు వరసలో కూర్చోబెట్టి పలక ఇస్తాడు. అది పలక నిండా గొర్రెలను గీసి ఇంటికి తెస్తుంది. మొన్న నన్ను పిలిచి, "సుక్కమ్మా, పిల్ల శానా తెలివైనది. దానికి చెప్పే తీరు నాకు రాదు. చెవులు వినబడని పిల్లల బడి ఏడన్న ఉంటే చూడుర్రి" అన్నాడు.

ఆ మాట ఇంట్లో ఎత్తితే అత్తమ్మ లేచింది. "పిల్లను హాస్టల్ల పడేస్తరా? ఆడ దాని సైగలు ఎవ్వలికి ఎర్కనే?" అని. ఆ సైగలు మామయ్య నేర్పినవి. గుట్ట మీద నుంచి అరిస్తే గాలికి కింద వినబడదు కదా, అందుకే మంద దగ్గర చేతులతో మాట్లాడుకుంటారు. గొంగడి ఎత్తి తిప్పితే మందను మలుపు అని, కట్టె అడ్డం పట్టుకుంటే ఆపు అని, నోటి దగ్గర చెయ్యి పెడితే సద్దికి రా అని. నువ్వు మేనత్త ఇంట్లో చదువుకుంటూ పెరిగినదానివి, నీకు ఇవి తెలుసో లేదో.

మందను మలపమని చెప్పగలిగిన పిల్ల నొప్పి ఎక్కడో చెప్పలేదు వదినా. పోయిన నెల జ్వరం వచ్చి నా ముఖం చూస్తూ పడుకుంది. గొంతా, చెవా, కడుపా, ఏదీ తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇంకొకటి చెప్తే నవ్వుతావు. దానికి గొర్రెకు సైగ ఉన్నది, కుక్కకు ఉన్నది, సద్దికి ఉన్నది, నాకు మాత్రం లేదు. నేను కావాలంటే వచ్చి కొంగు పట్టి గుంజుతుంది, అంతే. నా చీరలన్నీ ఒక పక్క పీలికలు. కన్నందుకు ఒక్కసారన్నా పిలిపించుకోవాలని నాకుండదా?

మహబూబ్‌నగర్‌లో అట్లాంటి బడి ఉందని, వాళ్ల యూనిఫారాలు నువ్వే కుడతావని పోయినసారి పెండ్లిలో కలిసినప్పుడు అన్నావు. జర అడిగి చూడు.

నీ మరదలు,
చిరుగు కొంగుల సుక్కమ్మ


మహబూబ్‌నగర్,
14 ఏప్రిల్ 2016

పంతులమ్మా,

నోరు తెరిస్తే పానగల్, కలం పట్టితే పుస్తకం! ఏడో తరగతిలో నిన్ను బడి మాన్పించిన వాళ్లను ఏమనాలో నాకు తెలియదు. సరే, విను.

నీ ఉత్తరం అందిన మర్నాడే బడికి పోయాను. అక్కడ పెద్ద మేడం పేరు గ్రేస్. కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చి, పైనుంచి చూస్తుంది. ఆమె నవ్వగా చూసినవాళ్లు ఈ పాలమూరులో లేరు. నేను కుట్టిన చొక్కాకు ఒక గుండీ వంకరగా ఉంటే మొత్తం కట్ట వెనక్కి పంపిన మనిషి. కానీ న్యాయంగా ఉంటుంది. వనపర్తి నుంచి, కల్వకుర్తి నుంచి పిల్లలు వస్తారు, సీట్లు తక్కువ. "జూన్ల బడి తెరిచినంక పిల్లను తోలుకరమ్మను, చూస్తం" అన్నది. ఆమె నోట "చూస్తం" రావడమే ఎక్కువ.

నువ్వు ఒక పని చెయ్యి. బాలమణి కొలతలు పంపు. టేపు లేకుంటే దారం తీసుకో. భుజం నుంచి భుజానికి ఒక ముడి, నడుముకు ఒక ముడి, నడుము నుంచి మోకాలికి ఒక ముడి. ఆ దారం ఉత్తరంలో పెట్టి పంపు. బడి తెరిచే ముందు నా దుకాణంలో గుడ్డల కింద నేనే కనబడను. ఇప్పుడే కుట్టి పెడితే ఒక పని అయిపోతుంది.

నువ్వు వచ్చేటప్పుడు ఆ పీలికల చీరలు కూడా తీసుకురా, కొంగులకు అంచు కుట్టి ఇస్తా. ఇంటి ఆడబిడ్డ దర్జీ పని చేస్తుంటే చిరుగు కొంగుతో తిరుగుతావా, సిగ్గులేకుండా!

నీ వదిన
ఉమారాణి


పానగల్,
29 ఏప్రిల్ 2016

వదినకు,

దారం పెట్టాను. మూడు ముడుల దగ్గరా పసుపు రాశాను, అది అత్తమ్మ పని.

అవును, ఆమెకు తెలిసిపోయింది. బాలమణిని అరుగు మీద నిలబెట్టి కొలుస్తుంటే చూసి "ఏందే అది?" అన్నది. బడి బట్టలకు కొలతలని నోరు జారాను. ఆ పొద్దంతా ముద్ద ముట్టలేదు. తెల్లారి లేచి ముఖం కడుక్కొని, "ఇగ ఖాయమైనట్టే గదా. లగ్గం ఖాయం కాకుంట పెండ్లిపిల్ల రైక కొలత ఎవ్వలన్న అడుగుతరా?" అన్నది. నిజమే కదా అనిపించింది నాకు కూడా. మీ తమ్ముడికీ అనిపించింది. సంతోషంతో పోయి గొర్రెలకు రెండుసార్లు నీళ్లు పెట్టాడు.

ఇప్పుడు అత్తమ్మను ఆపేవాళ్లు లేరు. వాడకట్టంతా తిరిగి, "మా మనుమరాలికి పాలమూరు పెద్దబడిల సీటొచ్చింది" అని చెప్పింది. నల్లగొండకు పోయి రేకు పెట్టె కొని తెచ్చింది, మీద తామరపువ్వు బొమ్మ ఉన్నది. వచ్చే నెల పొట్టేలును కోసి అందరికీ భోజనాలు. చిట్యాల నుంచి మా అన్న గురవయ్య వాళ్లు వస్తున్నారు. నువ్వు రాకపోతే మీ అమ్మ ఊరుకోదు.

వదినా, నీ రుణం ఎట్లా తీర్చుకోను?

సుక్కమ్మ


మహబూబ్‌నగర్,
9 మే 2016

సుక్కమ్మా,

ఎవరు చెప్పారే సీటు వచ్చిందని?

కొలతలు అడిగింది నా తీరిక కోసం! మేడం ఇంకా పిల్ల ముఖమే చూడలేదు. చూడాలి, పరీక్ష చేయాలి, ఆ తరువాత సంగతి. అమ్మకు చెప్పు. పొట్టేలును ఆపు. మీ అన్నను ఆపు. ఫోన్ చేస్తే తమ్ముడు గుట్ట మీద నుంచి "అక్కా, భోజనాలకు రావాలె" అని ఒక్క మాట అన్నాడు, కట్ అయింది. మళ్లీ కలవలేదు. ఈ ఉత్తరం వేళకు అందాలని మొక్కుకుంటున్నా.

ఉమారాణి


పానగల్,
23 మే 2016

వదినకు,

ఉత్తరం వేళకే అందింది. కూర ఉడికే వేళకు.

పోస్టుమ్యాన్ కూడా భోజనానికే వచ్చాడు, వస్తూ నీ ఉత్తరం తెచ్చాడు. పొయ్యి దగ్గర నిలబడి చదువుకున్నాను. బయట చూస్తే పందిరి కింద ఊరంతా కూర్చున్నది. ఒకరు పళ్లెం తెచ్చారు, ఒకరు గ్లాసు, ఒకరు తువ్వాలు. బాలమణి కొత్త గౌనేసుకొని రేకు పెట్టె మీద రాణి లెక్క కూర్చొని అందరికీ సద్దికి రా, సద్దికి రా అని చెయ్యి ఊపుతున్నది. మీ అమ్మ కళ్లు తుడుచుకుంటూ వడ్డిస్తున్నది. నేను ఏం చెప్పను? ఎవరికి చెప్పను? ఉత్తరం రైకలో దోపుకొని అన్నం గంప ఎత్తుకున్నాను.

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నీకూ నాకే తెలుసు. ఆ సీటు రావాలి వదినా. రాకపోతే నేను ఆ తామరపువ్వు పెట్టెలోనే దూరి మూత వేసుకోవాలి.

జూన్‌లో మీ తమ్ముడు పిల్లను తీసుకొస్తాడు. మామయ్య మోకాలు వాచి మంచం దిగడం లేదు, మందెంబడి పోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. నువ్వు బడి దగ్గర ఉండు.

సుక్కమ్మ


మహబూబ్‌నగర్,
19 జూన్ 2016

సుక్కమ్మా,

నాకు కోపం వచ్చింది, దాచుకోవడం చేతకాదు. తమ్ముడు నీకు చెప్పాడో లేదో, నేను చెప్తా.

నేను కుట్టిన బట్టలు ఇచ్చి బడికి చేరేసరికి జర ఆలస్యమైంది. అప్పటికే అంతా అయిపోయింది. తమ్ముడు లోపల మేడంతో మాట్లాడుతున్నాడట, బాలమణి వరండాలో ఉన్నదట. ఆటల సమయం, చిన్న పిల్లలందరూ బయట ఉన్నారు. మేడం కిటికీలోంచి చూసి పరుగెత్తుకు వచ్చింది. చూస్తే నీ బిడ్డ చేతిలో ఇంత పొడుగు కట్టె. చిన్న పిల్లలనందరినీ తరిమి గోడ మూలకు చేర్చింది. కట్టె అడ్డం పట్టుకొని ఒక్కరినీ కదలనివ్వడం లేదు. ఒక చిన్నపిల్ల వెక్కి వెక్కి ఏడుస్తున్నది.

మేడం నాతో అన్నది: "ఉమా, కొత్త పిల్లలు భయపడతరు, ఏడుస్తరు, నాకు తెలుసు. మిగతోళ్లను భయపెట్టేదాన్ని నేనెట్ల పెట్టుకోవాలె?" ఆమె ముందర నాకు తల కొట్టేసినట్టయింది. తమ్ముడు "మాఫ్ చేయుర్రి మేడం" అని కట్టె కింద పెట్టి, పిల్ల రెక్క పట్టుకొని బస్టాండుకు పోయాడట. నా ఇంటికి రాలేదు. తోడబుట్టిన అక్క ఇంట్లో నీళ్లు కూడా తాగలేదు. యూనిఫారం నా దగ్గరే ఉన్నది, మిషను మీద మడత పెట్టి ఉన్నది.

పిల్లకు గొర్రెలు తప్ప మనుషులు తెలియకుండా పెంచారు మీరు. అనకూడదు కానీ అంటున్నా.

ఉమారాణి


పానగల్,
25 జూన్ 2016

ఉమారాణి వదినకు,

నీ తల సంగతి తరువాత. ముందు ఇది చదువు, చదివి మీ మేడంకు చదివి వినిపించు.

మీ తమ్ముడు ఇంటికి వచ్చి "కాదన్నరు" అని ఒక్క మాట అన్నాడు. పెట్టె మూలకు పెట్టి మీద గొంగడి కప్పాడు. అత్తమ్మ సంతోషపడుతుందనుకున్నా. ఆమె మేడంను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే పోస్టాఫీసు వాళ్లు పట్టుకుంటారు. ఎందుకు కాదన్నారో నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు.

చదివి బాలమణిని పిలిచి కట్టె చూపించాను. నువ్వు పిల్లలను ఎందుకు తరిమావు అని నాకు చేతనైనట్టు అడిగాను. అది నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. నా కొంగు పట్టుకొని దొడ్డికి గుంజుకుపోయింది. దొడ్డి తడిక తీసి బార్లా తెరిచింది. గొర్రెపిల్లలు ఒకటొకటి బయటికి, బాట వైపు. ఒక గొర్రెపిల్ల అన్నింటికన్నా ముందు ఉరికింది. ఇది కట్టె తీసుకొని చుట్టు తిరిగిపోయి, దానికి అడ్డం పడి, అన్నింటినీ మలిపి మూలకు తెచ్చింది. కట్టె అడ్డం పట్టుకొని నిలబడి తడికను చూపించింది, నన్ను చూసింది. నేను పోయి తడిక వేసినంక గానీ కట్టె దించలేదు.

ఇప్పుడు చెప్పు వదినా. ఆ రోజు మీ బడి గేటు వేసి ఉన్నదా? తెరిచి ఉన్నదా? గేటు ముందర బాట మీద బండ్లు పోతాయా, పోవా? మామయ్య మంచంలో నుంచే అన్నాడు: "కొట్టనీకె కట్టె లేపుతరు. ఆపనీకె అడ్డం పట్టుకుంటరు. దొడ్డి తెరిచుంటె ముందుగాల మందను మలుపు, తిట్లు తర్వాత తిను అని నేనే చెప్పిన." నీ ఉత్తరంలో నువ్వే రాశావు, అడ్డం పట్టుకున్నదని.

పిల్లకు మనుషులు తెలియదా? ముఖం తెలియని పిల్లలను బండ్ల కింద పడకుండా కాచిన పిల్లకు మనుషులు తెలియదా? అనకూడదు కానీ నేనూ అంటున్నా.

సుక్కమ్మ


మహబూబ్‌నగర్,
1 జూలై 2016

నా బంగారు మరదలా,

ముందు నా చెంపలు నేనే వేసుకున్నా, నువ్వు మళ్లీ వేయనక్కరలేదు.

నీ ఉత్తరం తీసుకొని దుకాణం మూయకుండానే బడికి ఉరికాను. మేడం ముందర నిలబడి మొత్తం చదివాను, అమ్మ తిట్ల సంగతి కూడా ఆగకుండా చదివేశాను. మేడం కళ్లద్దాలు తీసింది, పెట్టుకున్నది. వాచ్‌మెన్‌ను పిలిపించింది. ఇస్రాయేలు అని, బక్కపలచటి మనిషి. గేటు సంగతి అడగ్గానే టోపీ తీసి చేత్తో నలుపుతూ, "జరసేపే మేడం. చాయ్ తాగొద్దామని బయటికి వోయిన. గొళ్లెం పెట్టిననుకున్న" అన్నాడు.

అప్పుడు మేడం ఆ ఏడ్చిన చిన్నపిల్లను పిలిపించి చేతులతో ఏదో అడిగింది. ఆ పిల్ల కూడా చేతులతోనే చెప్పింది. నాకు అర్థం కాలేదు, మేడం ముఖం చూస్తే అర్థమైంది. బంతి గేటు బయటికి దొర్లితే వెంట ఉరికిందట. బాట మీద లారీ వస్తున్నదట. ఎవరో కొత్తక్క వెనుక నుంచి గౌను పట్టి గుంజిందట, అందుకని ఏడ్చిందట.

ఇస్రాయేలు, "గా పిల్ల లేకుంటె ఏమైతుండె మేడం, నేను తలెత్తుకోకపోతుంటి" అన్నాడు. మేడం నాతో అన్నది: "మందంటే మందే, ఉమా. నా మందను నేను చూసుకోలే. గా పిల్ల చూసుకున్నది. రేపే తోలుకరమ్మను." అని నవ్వింది. నా కళ్లతో చూశా. పళ్లు బాగున్నాయి ఆమెకు.

సీటు వచ్చింది సుక్కమ్మా! ఈసారి నిజంగా వచ్చింది! పొట్టేలును మళ్లీ కోయాలన్నా కోసుకోండి, నేనే వచ్చి వడ్డిస్తా. ఆ రేకు పెట్టెను గేటు నుంచి లోపలికి తానే మోస్తానని ఇస్రాయేలు ఒట్టు పెట్టుకున్నాడు. తమ్ముడిని నా ఇంట్లో నీళ్లు కాదు, కడుపునిండా కల్లు తాగి పొమ్మను. మేడం పెట్టిన షరతు ఒక్కటే, కట్టె మాత్రం ఇంటి దగ్గరే వదిలి రావాలి.

నీ తప్పు ఒప్పుకున్న వదిన
ఉమారాణి


పానగల్,
13 అక్టోబర్ 2016

ఉమారాణి వదినకు,

నీ మేనకోడలు దసరా సెలవుల్లో ఇల్లు పీకి పందిరి వేస్తున్నది. నువ్వు బస్సెక్కించిన రోజు నుంచి చేతులు ఆగడం లేదు. ఉత్తరంలో కొత్త దారం పెట్టాను, లంగా అప్పుడే మోకాలు దాటి పైకి పోయింది. ఈసారి ముడులు అత్తమ్మే వేసింది.

జూలైలో దాన్ని దింపినప్పుడు అది ఏడవలేదు, నేను ఏడ్చాను. ఇంటికొచ్చాక ఒక పక్కకు కొంగు బరువు లేక నడవడమే మరిచిపోయినట్టయింది. అక్కడ దాన్ని వాళ్లు నా నుంచి దూరం చేస్తారేమోనని కూడా అనుకున్నా. నీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నా.

ఆ బడిలో మనిషికొక పేరు పెడతారట కదా, చేతులతో. వచ్చిన పొద్దే మొదలుపెట్టింది. కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చితే గ్రేస్ మేడం. చాయ్ గ్లాసు ఊదుకుంటూ తాగితే ఇస్రాయేలు, పాపం, ఆ పేరు ఆయనకు జన్మంతా పోదు. రెండు వేళ్లు కత్తెర లెక్క ఆడిస్తే నువ్వు. మీసం మెలేస్తే మీ తమ్ముడు. మోకాలు పట్టుకుంటే మామయ్య. చెంపలో ఆకువక్క దోపినట్టు బుగ్గ పొంగిస్తే మీ అమ్మ. హాస్టలు వద్దని ఇల్లెగిరేలా అరిచిన అత్తమ్మ ఇప్పుడు రోజంతా, "ఏదీ, నన్ను మల్లొక్కపారి పిల్వమను" అని దాని ముందర కూర్చుంటున్నది. ఎదురింటి నర్సమ్మను పిలిచి మరీ చూపించింది.

అందరికీ పెట్టింది, నాకు పెట్టలేదు. నేను నా రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని, నేనో, నేనో అని అడిగాను. అది నవ్వి ఉరికింది. ఎంత కష్టమైందో నీకెట్లా చెప్పను! కుక్కకు కూడా కొత్త పేరు పెట్టింది వదినా. కన్నతల్లిని, కుక్క పాటి చేయనా అని పొయ్యి ముందర కూర్చొని ఏడ్చాను కూడా.

నిన్న అది మీ తమ్ముడితో మందెంబడి గుట్టకు పోయింది. నేను మధ్యాహ్నం సద్ది నెత్తిన పెట్టుకొని చెలక గట్టు మీద పోతున్నా. గుట్ట మీద గొంగడి లేచింది. మందను మలుపు అంటున్నదేమోనని చూశా. మలుపు కాదు. సద్దికి రా కాదు. అంత దూరం నుంచి నాకు కనబడాలని మొత్తం గొంగడి తీసుకొని, నడుము పక్కన రెండు చేతులతో పట్టుకొని, గుంజుతున్నది. మళ్లీ పట్టుకొని గుంజుతున్నది. ఎగిరి ఎగిరి గుంజుతున్నది.

కొంగు వదినా! నా కొంగు! నా పేరు దానికి ఎప్పటి నుంచో ఉన్నది, నేనే తెలుసుకోలేదు. ఎనిమిదేళ్లుగా నా పక్కకు వచ్చి పిలుస్తూనే ఉన్నది. ఇప్పుడు గుట్ట మీద నుంచి పిలిచింది.

సద్ది గంప గట్టు మీద దించి ఉరికాను. వెనుక చెలకలో గడ్డి కోస్తున్న అత్తమ్మ, "ఏమైందే, ఎందుకురుకుతున్నవే?" అని అరిచింది.

"బిడ్డ పిలుస్తున్నది అత్తమ్మా" అన్నాను. ఆ మాట అనడం నా జన్మలో అదే మొదలు.

సెలవులు అయిపోగానే నేనే తీసుకొస్తా. చీరలు కూడా తెమ్మన్నావు కదా, కొంగులకు అంచు కుట్టి ఇస్తానని. వద్దు వదినా. వాటిని అట్లనే ఉండనీ.

బాలమణి తల్లి,
సుక్కమ్మ